రాయి ఎక్కడిదో రాసుకో, అమ్మడూ

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్ వద్దు, శిలాజాలే చదువుతానని పట్టుబట్టావట. మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో కోపం లేదు, దిగులుంది. ముప్పై ఏళ్లు రాళ్ల వెంట తిరిగినవాణ్ణి, అమ్మాయికి నేను రాస్తాలేరా అన్నాను.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ ముందు నిలబడి ఫొటో దిగావు గదా. ఆ డైనోసార్ ఎముకలు అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికాయి. అవి ఒక్క జంతువువి కావు, కనీసం 12 జంతువులవి. పుర్రె మాత్రం దొరకలేదు. దానికి శాస్త్రీయంగా పేరు పెట్టింది 1988లో, అంటే తవ్వి తీసిన చాలా ఏళ్లకు. నువ్వు కోరుకుంటున్న పని అలాంటిది. తవ్వేది కొన్నాళ్లే. మిగతా ఏళ్లన్నీ శుభ్రం చేయడం, కొలవడం, బొమ్మ గీయడం, పోల్చి చూడడం.

ఈ పనికి ఎక్కడికో పోనక్కర్లేదు. మన ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ల పేర్లే రాళ్లకు పెట్టారు: అడుగున బూదవాడ ఇసుకరాయి, దాని మీద వేమవరం షేల్ (బురద గట్టిపడి పొరలు పొరలుగా అయిన రాయి), ఆ పైన పావులూరు ఇసుకరాయి. 10 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లవి. చీమకుర్తి గెలాక్సీ రాయిలో మాత్రం శిలాజాల కోసం వెతకొద్దు, అది కరిగిన రాయి చల్లారి గట్టిపడింది. మార్కాపురం పలక ఒకప్పుడు బురదే, కానీ 100 కోట్ల ఏళ్లకు పైబడింది. అప్పటికింకా గుల్లలూ ఎముకలూ ఉన్న ప్రాణే లేదు. ఎక్కడ వెతకాలో తెలియడంకన్నా ఎక్కడ వెతకకూడదో తెలియడం ముందు.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒక ఊళ్లో కొత్తగా బావి తవ్వుతున్నారు. గట్టున పోసిన షేల్ ముక్కను ఉలితో తట్టితే అట్టపెట్టె మూతలా విడిపోయింది. లోపల ఆకు అచ్చు. నడుమ సన్నటి ఈనె, రెండు వైపులా దువ్వెన పళ్లలా చిన్న చిన్న ఆకులు. టిలోఫిల్లం అంటారు దాన్ని. చేతులు వణికాయమ్మా. టవల్లో చుట్టుకుని బస్సెక్కేశాను.

మా సారు దాన్ని చూసి, "ఎన్ని అడుగుల లోతులోది? పైన ఏముంది, కింద ఏముంది?" అనడిగారు. నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలకు మళ్లీ వెళితే బావికి రాతి కట్టు కట్టేశారు. ఆ షేల్‌లో ఆకులతోపాటు అమ్మోనైట్లు, అంటే సముద్రంలో బతికిన గుల్లజీవులు కూడా దొరుకుతాయి. రెండూ ఒకే పొరలో ఉంటే నేలమీది ఆకు కొట్టుకొచ్చి సముద్రంలో మునిగిందని అర్థం. వేర్వేరు పొరలైతే కథే వేరు. నా ఆకు ఏ కథలోదో ఇప్పటికీ తెలియదు. అందుకే చెబుతున్నా: రాయిని కదిలించకముందే ఫొటో తియ్యి, లోతు కొలువు, పొరల బొమ్మ గియ్యి, రాయి మీద నంబరు వెయ్యి, అదే నంబరు నోట్‌బుక్కులో రాయి. ఇంటికెళ్లాక రాద్దామని మాత్రం అనుకోకు. రైతును అడక్కుండా పొలంలో కాలు పెట్టకు. మెత్తటి షేల్‌ను నీళ్లతో కడగకు, నానితే పిండైపోతుంది.

చదువు సంగతి. డిగ్రీలో జియాలజీ, తర్వాత ఎమ్మెస్సీ. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఉంది, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. దేశంలోని రాళ్లనూ ఖనిజాలనూ పరిశీలించే కేంద్ర ప్రభుత్వ సంస్థ జియలాజికల్ సర్వేలో చేరాలంటే యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష రాయాలి. పరిశోధనకైతే నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయి. లక్నోలో 1946లో మొక్కల శిలాజాల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని స్థాపించిన సంస్థ ఇప్పటికీ ఇదే పని చేస్తోంది. పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి నీకు ముప్పై దగ్గర పడుతుంది. ఉద్యోగాలు తక్కువ. ఈ మాట మీ నాన్నకు నువ్వే ముందు చెప్పు, దాచొద్దు.

డైనోసార్ల మీదే మనసు పెట్టుకోకు. ఇసుక రేణువంత ఉండే ఫోరామినిఫెరా అనే జీవుల గుల్లలున్నాయి. చమురు కోసం బోరు వేసినప్పుడు ఆ రాయి ఏ కాలానిదో తేల్చడానికి అవి బాగా పనికొస్తాయి. జీతం వచ్చే దారుల్లో అదొకటి. నాకైతే ఎముకలకన్నా అవే అందంగా కనిపిస్తాయి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికల్లా కావలి నుంచి బయలుదేరి రా. ఎండెక్కకముందే కొత్తపట్నం బీచ్‌కు పోదాం. తడి ఇసుక ఒక డబ్బాలో తెచ్చుకుని, ఇంట్లో ఆరబెట్టి నా మైక్రోస్కోపు కింద పెడదాం. చుట్టలా తిరిగిన ఫోరామినిఫెరా గుల్లను నీ కంటితో నువ్వే పట్టుకోవాలి, నేను చూపించను. నోట్‌బుక్కూ, రెండు పెన్సిళ్లూ తెచ్చుకో. వీలైతే మీ నాన్ననూ తీసుకురా.

మీ పెదనాన్న
ఒంగోలు