45 ఏళ్లకే ఉద్యోగం మానేయాలని పొదుపు చేస్తున్నాం, ఇంట్లో మాత్రం రోజూ గొడవే. ఏం చేయాలి?

తమ్ముడూ, మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీది శ్రీకాకుళం, వయసు 33. ఇద్దరి జీతాలూ కలిపి నెలకి 95 వేలు. అందులో 55 వేలు దాచి, 40 వేలతో ఇల్లు నడుపుతున్నారు. 45కల్లా ఉద్యోగం మానేయాలని మీ పట్టుదల. పాపకి ఆరేళ్లు, బాబుకి మూడు. సినిమా లేదు, షికారు లేదు, పుట్టింటి పెళ్లికి చీర కొనాలన్నా లెక్కలే అని మీ ఆవిడ బాధ. ఉద్దానంలో నాన్నగారి కొబ్బరి, జీడితోటలో వాటా ఎలాగూ వస్తుంది కదా, అయినా ఎందుకింత టెన్షన్ అని మీ ప్రశ్న.

మాది విజయనగరం. నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లింగ్ చూస్తాను. మా ఆయన పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసేవారు, షిఫ్టు డ్యూటీ. 48కి మానేశారు. నేనింకా వెళ్తున్నాను. కోట్లు వెనకేసిన వాళ్లం కాదు, మీలాంటి జీతాల వాళ్లమే. అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

ముందు మీ లెక్క. ఏడాది ఖర్చుకి 25 రెట్లు ఉంటే చాలన్నారు. ఆ మాట 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు చేసిన పరిశీలన నుంచి వచ్చింది. దాచిన మొత్తంలో మొదటి ఏడాది 4 శాతం, అంటే 25లో ఒక వంతు, తీసుకుని, తర్వాత ధరల్ని బట్టి పెంచుకుంటూ వెళ్తే 30 ఏళ్లు నిలుస్తుందని అక్కడి షేర్లు, బాండ్ల చరిత్ర పెట్టి చూపించాడాయన. 45కే మానేసేవాళ్లు 30 ఏళ్లతో సరిపెట్టుకోలేరు. మన ధరల తీరూ వేరు. నేనైతే 33 రెట్లు పట్టుకుంటాను.

ధరలు ఏటా 6 శాతం పెరిగాయనుకుంటే ఇవాళ్టి 40 వేలు పన్నెండేళ్లకి 80 వేలవుతుంది. ఏడాదికి 9 లక్షల 60 వేలు. దానికి 33 రెట్లంటే 3 కోట్ల 17 లక్షలు. మీరు దాచే సొమ్ము ఏటా 8 శాతం పెంచుకుంటూ వెళ్లి, దాని మీద 10 శాతం రాబడి వచ్చినా (10 శాతం వస్తుందని ఎవరూ రాసివ్వరు) అప్పటికి చేతిలో ఉండేది రెండు కోట్ల పైచిలుకు. కాబట్టి 45కి కుదరదు. అదే లెక్కలో 49, 50 మధ్య కుదురుతుంది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది. 55 వేలకి బదులు 48 వేలే దాచి, నెలకి 7 వేలు ఇంటికి వదిలారనుకోండి. మీ గడువు ఎంత వెనక్కి జరుగుతుంది? ఏడాదిన్నర. 51 ఏళ్లకి చేరతారు. ఆ 7 వేలు పిల్లలు చిన్నగా ఉన్నప్పటి ఖర్చు, ముసలితనంలో ఉండదు కాబట్టి తర్వాత కావలసిన మొత్తంలో కలపలేదు. ఒక్క ఏడాదిన్నర కోసం మీ ఇంట్లో నలుగురూ నలిగిపోతున్నారు తమ్ముడూ. పాప పదో తరగతికి వచ్చాక మీ దగ్గర డబ్బుంటుంది గానీ, మీతో బీచికి రావడానికి ఆ పిల్లకి తీరికుండదు. ఆ 7 వేలు వదిలేయండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

పొదుపు అనగానే మనవాళ్ల చెయ్యి కూరగాయల సంచీ మీదకే పోతుంది. ఇళ్లని నిజంగా ముంచేవి నాలుగైదే ఉంటాయి: స్థోమతకి మించిన ఇంటి లోను, కారు, పదిమందిలో గొప్ప కోసం చేసే పెళ్లిళ్లు, ఫీజులు చూసి గొప్పదనుకుని చేర్పించే స్కూలు, చేబదులు ఇచ్చి రాబట్టుకోలేని డబ్బు. మేం తోటపాలెంలో పాత డాబా ఇల్లు కొన్నాం. బ్యాంకు ఇస్తానన్న దాంట్లో సగమే లోను తీసుకున్నాం. చుట్టాలందరూ విశాఖ మధురవాడలో ఫ్లాటు తీసుకోండి, రేట్లు పెరుగుతాయి అన్నారు. పెరిగాయి కూడా. కానీ ఆ కిస్తీ కడుతూ ఉంటే మా ఆయన ఇవాళ్టికీ నైట్ షిఫ్టుకి వెళ్తూనే ఉండేవారు. ఆయనకి కంపెనీ బస్సు ఉండేది, నాకు స్కూటీ. ఊరికి అందరం వెళ్లాలంటే కారు అద్దెకి మాట్లాడుకుంటాం. హైదరాబాదు నుంచి ఎక్కువ జీతానికి పిలుపొస్తే అద్దె, స్కూలు, రాకపోకలు అన్నీ కాగితం మీద వేసి చూశాం. మిగిలేది పెద్దగా కనిపించలేదు. పైగా ఇక్కడ పిల్లని చూసుకోడానికి అత్తగారు ఉన్నారు. ఆవిడ విలువని ఏ కాలమ్‌లో వేస్తాం?

ఈ పెద్ద నిర్ణయాలు కుదిరితే చిన్నవాటికి చెయ్యి బిగించక్కర్లేదు. మా ఇంట్లో ఆదివారం చేపల కూర మీద నేనెప్పుడూ లెక్క అడగలేదు. పైడితల్లి అమ్మవారి పండగకి తొలేళ్ల నాటికే ఇల్లు నిండిపోతుంది. సిరిమాను చూసి, ఇంకో రోజు ఉండి వెళ్తారు. బియ్యం, కోడికూర, ఆడపిల్లలకి జాకెట్టు గుడ్డలు, అన్నీ ఖర్చే. దానికి ఏడాది పొడవునా నెలనెలా కొంత ఆర్‌డీ కడతాం. పండగ వస్తోందంటే నాకు సంతోషంగానే ఉంటుంది, గుండె దడ ఉండదు.

పెళ్లిళ్ల సంగతీ అంతే. మా అత్తగారి బీరువాలో ఎర్ర అట్ట చదివింపుల పుస్తకం ఉంది. ఒక్కో పేరుకి ఎదురుగా 116, 516, స్టీలు బిందె, పళ్లెం అని మావయ్యగారి చేతిరాత. ఎవరింట్లో శుభలేఖ వచ్చినా ముందు ఆ పుస్తకం తీస్తారు. మన దగ్గర అది తీర్చాల్సిన బాకీయే. కాబట్టి మీ ఆవిడ పుట్టింటి పెళ్లిని అనవసర ఖర్చు కింద రాయకండి. అద్దె ఎలా రాస్తారో అలాగే, దానికో గడి పెట్టి నెలనెలా పక్కన పెట్టండి. గొడవలో సగం అక్కడే తగ్గుతుంది.

షికారు అంటే మీకు ఖర్చు గుర్తొస్తోంది. శ్రీకాకుళంలో ఉంటూ అదేం మాట! కళింగపట్నం బీచి, దారిలోనే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, అటు శ్రీముఖలింగం, ఊళ్లోనే అరసవల్లి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఛార్జీ కూడా లేదు. పులిహోర కట్టుకుని వెళ్తే అయ్యేది మీ ఒక్కరి టికెట్టు, పిల్లల ఐస్‌క్రీము.

ఇక నేను రోజూ కళ్లారా చూసే విషయం, ఆస్పత్రి. అడ్మిషన్ రాసే వేళకి కౌంటరు దగ్గరికొచ్చి, జేబురుమాలు విప్పి, అందులో చుట్టి తెచ్చిన గొలుసు చూపించి, ఇది తాకట్టు పెట్టి వచ్చేదాకా ఆగుతారా అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లలో నెలజీతం వాళ్లూ ఉంటారు. కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్సు ఉద్యోగంతోపాటే పోతుంది. మానేయడానికి చాలా ఏళ్ల ముందే, అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే సొంత ఫ్యామిలీ పాలసీ తీసుకోండి. అప్పటికే ఉన్న జబ్బులకి మూడేళ్ల వరకూ ఆగాల్సి రావచ్చు, ఆ గడువు ఉద్యోగంలో ఉండగానే గడిచిపోవాలి. సొంతంగా తీసుకునే పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా తీసేశారు.

పాలసీ కాగితాల్లో గది అద్దె పరిమితి ఎంతో తప్పకుండా చూడండి. 5 లక్షల పాలసీలో రోజుకి 5 వేల గది వరకే అని ఉందనుకోండి. మీరు 8 వేల గదిలో చేరితే, తేడా మూడు వేలే కదా, కట్టేద్దాం అనుకుంటారు. అలా జరగదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఛార్జీల లాంటివి కూడా ఎనిమిదిలో ఐదు వంతులే ఇస్తారు. మందులకి ఆ కోత ఉండదు గానీ, ఆ లెక్కకి వచ్చే ఛార్జీలు 2 లక్షలైతే 75 వేలు చేతి నుంచి పడుతుంది. డిశ్చార్జి రోజున ఇది వివరించడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని. గది పరిమితి లేని పాలసీకి ప్రీమియం కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. మీ నాన్నగారివాళ్లకి ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) వర్తిస్తుందేమో కూడా ఇప్పుడే కనుక్కోండి, అవసరం పడ్డాక కాదు.

తోట గురించి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు, అప్పుడు మీరు అక్కడివారే. కొబ్బరిచెట్టు పడిపోతే మళ్లీ నాటి కాయ కోయడానికి ఏళ్లు పడుతుంది. తోట మీద వచ్చేది వస్తే సంతోషం. దాన్ని నెలజీతంలా లెక్కలోకి తీసుకుని ఉద్యోగం వదలకండి. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబరులో, మా ఊళ్లో కరెంటు లేక ఏటీఎంలు మూతపడ్డాయి. అప్పటి నుంచి నేను ఇంట్లో కొంత నోట్లుగానే ఉంచుతాను.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నది మీరే బాగా చదివినట్టున్నారు, ఎక్కువ చెప్పను. పాపకి పదేళ్లు నిండకముందే సుకన్య ఖాతా తెరవండి. వడ్డీ 2024 జనవరి నుంచి 8.2 శాతం, 15 ఏళ్లు కట్టాలి. పీపీఎఫ్ 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గరే ఉంది, అయినా ఇద్దరి పేరా ఉంటే మంచిది. పీఎఫ్ పెన్షన్ పదేళ్ల సర్వీసు ఉంటే 58కి వస్తుంది. 50 నుంచే తీసుకోవచ్చు, కానీ ముందు తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం తగ్గుతుంది. పెద్దవాళ్ల సేవింగ్స్ స్కీములో చేరాలంటే మామూలుగా 60 నిండాలి. చెప్పొచ్చేదేమిటంటే, ముందే మానేసేవాళ్లకి 50 నుంచి 60 వరకు ఉన్న పదేళ్లే గడ్డుకాలం. ఆ పదేళ్లకి తాళం పడని డబ్బు, అంటే మ్యూచువల్ ఫండ్లు, ఎఫ్‌డీలు, విడిగా ఉండాలి.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. మీరు మానేశాక మీ ఆవిడ ఉద్యోగం చేస్తూనే ఉంటుందా? ఇద్దరి జీతంతో, ఇద్దరి సర్దుబాటుతో పోగైన డబ్బు అది. దానితో ఒక్కరికే విశ్రాంతి దొరికి, రెండోవారు ఆఫీసూ వంటా రెండూ మొయ్యాల్సి వస్తే ఆ ఇంట్లో శాంతి ఉండదు. మా ఆయన మానేయడానికి ముందే మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. పొద్దున్న వంట, అత్తగారి మందులు, కరెంటు ఆఫీసు, బ్యాంకు పనులు ఆయనవి. అమ్మాయి చదువు అయ్యాక నేను మానేయాలంటే ఆయన ఎదురు చెప్పరు. ఇది నోటిమాటగా కాదు, మా ఖర్చుల పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాం. ఇప్పుడాయన నెలలో కొన్ని రోజులు మోటార్లు, ప్యానెల్ బోర్డుల పనులు ఒప్పుకుంటారు. రాత్రి మాత్రం నిద్రపోతారు. ఆయన రాత్రిపూట ఇంట్లో నిద్రపోవడం కోసమే మేం ఇదంతా చేశాం.

అమ్మానాన్నలకి ఎలా చెప్పాలని చివర్లో అడిగారు. మా అత్తగారు మొదట కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "మొగోడు ఇంటికాడ కూకుంటే నలుగురూ ఏటనుకుంతారమ్మా, రేపు పిల్లకి సంబంధాలు రావొద్దా" అన్నారు. వాదించలేదు. పీపీఎఫ్ పాసుబుక్కులు, ఎఫ్‌డీ కాగితాలు ముందు పెట్టి, నెలకి ఇంత వస్తుంది, నీ మందులకి ఇది, పిల్ల పెళ్లికి ఇది అని ఒక్కొక్కటీ చూపించాం. చదువు రాకపోయినా డబ్బు లెక్క మనందరికంటే ఆవిడకే బాగా తెలుసు. ఊళ్లోవాళ్లకి మాత్రం ఉద్యోగం మానేశాడని చెప్పక్కర్లేదు, సొంతంగా పనులు చేసుకుంటున్నాడంటే చాలు, అది అబద్ధమూ కాదు.

ఈ ఆదివారం మీ ఆవిడకి కాగితం, పెన్ను ఇచ్చి, ఆ 7 వేలు దేనికి కావాలో రాయమనండి. రాస్తున్నప్పుడు పక్కన కూర్చుని ఇది అవసరమా అని అడక్కండి. రాసింది రాసినట్టు మూడు నెలలు నడిపి చూసి, అప్పుడు మళ్లీ ఇద్దరూ కలిసి 51 లెక్క వేసుకోండి. మధ్యలో ఎక్కడైనా చిక్కుపడితే ఇక్కడే అడగండి, తప్పకుండా జవాబిస్తాను.