అర కేజీ పెరిగి రమ్మంటారా, డాక్టరమ్మా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కావలి. నాకు 43 ఏళ్లు. ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడతాను. పెళ్లిళ్ల సీజనైతే రాత్రి పదకొండు దాకా మిషన్ మీదే ఉంటాను. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 66 కేజీలు. రెండేళ్లుగా బీపీ బిళ్ల వేసుకుంటున్నా. మా అమ్మకు షుగర్ ఉంది. నాకు మూడు నెలల సగటు షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేయిస్తే 6.1 వచ్చింది. చెన్నైలో ఉండే మా పెద్దమ్మ కూతురు వారానికో సూది వేసుకుని ఎనిమిది నెలల్లో 11 కేజీలు తగ్గింది. ఆమెను చూశాక నేనూ నెల్లూరు వచ్చి డాక్టరుకు చూపించుకున్నా. ఆయన నా ఎత్తుకు బరువెంతో లెక్క కట్టి, "నీ బీఎంఐ 26.8. సూది రాయాలంటే 27 ఉండాలి" అన్నారు. కాగితం మీద మాత్రం 'ఊబకాయం' అని రాశారు! ఊబకాయమే అయితే సూది ఎందుకివ్వరు? 27 కావాలంటే ఇంకో అర కేజీ చాలట. పెరిగి రమ్మంటారా? తెలిసిన మందుల షాపు అబ్బాయి చీటీ లేకపోయినా తెప్పిస్తానంటున్నాడు. మాఘంలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి ఉంది, అందుకే ఈ తొందర.
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది. నెల్లూరు పొగతోటలో ప్రాక్టీసు పెట్టి నలభై ఏళ్లు దాటింది. కాటా ఎక్కేముందు చెప్పులు విప్పేవాళ్లు, గాజులు తీసేవాళ్లు, సెల్‌ఫోను నా బల్ల మీద పెట్టేవాళ్లు, అందర్నీ చూశా. బరువు చాల్లేదని బాధపడే మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తున్నా. మా నర్సుకు చదివి వినిపిస్తే ఆవిడ నవ్వలేదు. "నిజమే కదమ్మా, బస్సు దిగి రెండు కారం దోశలు తిని కాటా ఎక్కుంటే అయిపోయేది" అంది.

అయిపోయేదే. మీ ఎత్తు మనిషికి 27 రావాలంటే 66 కేజీల 550 గ్రాములు ఉండాలి. పరగడుపున చూసిన బరువుకూ, భోంచేసి నీళ్లు తాగి సాయంత్రం చూసిన బరువుకూ అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. పొద్దున రాని సూది సాయంత్రానికి వచ్చేస్తుందన్నమాట. గీత అంత పలచన. అయినా సరదాకి గీసిన గీత కాదది.

మీ కాగితం మీద 'ఊబకాయం' అని ఉండటం తప్పు కాదు. సూది రాదనడమూ తప్పు కాదు. ఆయన వాడినవి రెండు వేర్వేరు కొలతలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో బీఎంఐ 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. మనవాళ్లకు ఆ లెక్క సరిపోదని 2009లో మన దేశపు వైద్య నిపుణులు కూర్చుని 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని ఖాయం చేశారు. ఎందుకంటే మనకు కొవ్వు పొట్టలోకీ లివర్‌లోకీ త్వరగా చేరుతుంది. సన్నటి చేతులు, సన్నటి కాళ్లు, చొక్కా గుండీల దగ్గర మాత్రం పొట్ట. ట్రంకు రోడ్డు మీద నిలబడితే పది నిమిషాల్లో అలాంటివాళ్లు ఇరవైమంది కనిపిస్తారు. వాళ్లలో ఎవరూ తాము లావనుకోరు, షుగర్ వచ్చిందంటే నమ్మరు.

సూది లెక్క దాని పరీక్షల నుంచి వచ్చింది. ఈ వారం సూదుల్లో ఒకటైన సెమాగ్లూటైడ్‌కు బరువు తగ్గించే మందుగా అమెరికాలో 2021లో అనుమతి ఇచ్చారు. బీఎంఐ 30 ఉన్నవాళ్లకు, లేదా 27 ఉండి దానితోపాటు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ లాంటిది ఒకటైనా ఉన్నవాళ్లకు. పరీక్షల్లో చేర్చుకున్నదీ అలాంటివాళ్లనే. 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చిన మౌంజారోకు (టిర్జెపటైడ్ అనే ఇలాంటి ఇంకో సూది), అదే ఏడు జూన్‌లో వచ్చిన వెగోవీకి (సెమాగ్లూటైడ్ సూదే ఇది) ఇక్కడా అదే షరతు. మీకు బీపీ ఉంది కాబట్టి 27 ఉంటే మీరు అర్హులే. 27 లోపు మనిషికి ఈ మందు ఎంత మేలు చేస్తుంది, ఎంత ఇబ్బంది పెడుతుంది అనడానికి చేతిలో ఉన్న ఆధారం తక్కువ. డాక్టరు వెనక్కి తగ్గింది అందుకే.

మీ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. బ్రిటన్ ప్రభుత్వ వైద్యంలో ఈ సూదులకు పెట్టిన బీఎంఐ గీతను, దక్షిణాసియా మూలాలున్నవాళ్లకు 2.5 తగ్గించి చూడమన్నారు. వాళ్ల గీత అసలే 35 దగ్గర ఉందనుకోండి, అది వేరే సంగతి. 25కే మనల్ని ఊబకాయులంటున్నాం, మందు దగ్గరికొచ్చేసరికి తెల్లవాళ్ల కొలతే పెట్టుకుంటున్నాం. ఇది నాకూ సబబుగా అనిపించదు. డాక్టరు మనిషిని చూసి, నడుము చూసి, రిపోర్టులు చూసి 26.8కి కూడా రాస్తే నేను తప్పు పట్టను. కానీ మీకు నేనైతే ఇప్పుడు రాయను. అర కేజీ తక్కువైందని కాదు, దానికంటే ముందు చేయాల్సినవి మీరింకా మొదలే పెట్టలేదు. మీ ఉత్తరంలో జాకెట్లున్నాయి, పెళ్లి ఉంది, తిండి గురించి ఒక్క ముక్క లేదు!

ఆ షాపు అబ్బాయి మాట వినొద్దు. పోయినేడు వేసవిలో కోవూరు వైపు నుంచి ఒకాయన్ను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. ఎవరో తెలిసినవాళ్ల ద్వారా చీటీ లేకుండా పెన్ను తెప్పించుకుని, మొదటిరోజే ఒక మిల్లీగ్రాము పొడుచుకున్నాడు. సెమాగ్లూటైడ్‌ను 0.25తో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 0.5, 1, 1.7, ఆఖర్న 2.4కి వెళ్లాలి. ఈయన కింది రెండు మెట్లూ వదిలేసి మూడోదాని మీదికి ఎగిరాడు. మూడు రోజులు ఆగకుండా వాంతులు. నాలుక ఎండి అట్టకట్టుకుపోయింది. కిడ్నీ పరీక్ష చూసి నాకే టెన్షన్ వచ్చింది. రెండు రోజులు సెలైన్ పెడితే లేచి కూర్చున్నాడు. ఆ పెన్ను చెన్నై నుంచి బస్సులో ప్లాస్టిక్ కవర్లో వచ్చిందట, రోహిణి కార్తె ఎండలో. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచాల్సిన మందది. లోపల ఉన్నది అసలుదో నకిలీదో దేవుడికెరుక.

ఇక పెళ్లి. మీ ఉత్తరం అందేటప్పటికి మాఘానికి మూడు నెలలుంది. ఇందాక చెప్పిన మెట్లన్నీ ఎక్కి పూర్తి డోసుకు చేరడానికే నాలుగు నెలలు పడుతుంది. ఈ సూది వేసుకున్నవాళ్లలో చాలామందికి మొదటి నెలల్లో వేవిళ్లలా వికారం, మలబద్ధకం, కొందరికి విరేచనాలు ఉంటాయి. డోసు పెంచినప్పుడల్లా మళ్లీ రావచ్చు. ఆడబిడ్డ ఇంటి పెళ్లిలో పంక్తి దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడతారా? అదీకాక పెళ్లయ్యాక ఆపేద్దామనుకుంటే కుదరదు. పెద్ద పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం బరువు తగ్గారు. మీ లెక్కలో దాదాపు పది కేజీలు. సూది ఆపిన ఏడాదికల్లా, పోయిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. అంటే ఆరేడు కేజీలు. బీపీ బిళ్లలాగే ఇదీ ఏళ్ల తరబడి నడిచే మందు. మౌంజారో వచ్చిన కొత్తలో చిన్న డోసు సీసా ధర 3,500 రూపాయలు, తర్వాతి డోసుది 4,375. నెలకు నాలుగు. ఎన్ని జాకెట్లవుతాయో మీకే బాగా తెలుసు. సెమాగ్లూటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చితో తీరిపోయింది, వేరే కంపెనీలూ చేసుకోవచ్చు, కాబట్టి డబ్బు ఇకమీదట పెద్ద అడ్డం కాకపోవచ్చు. నాకు భయమంతా అక్కడే. చవకైతే షాపు అబ్బాయిలు ఎక్కువవుతారు.

కందుకూరు నుంచి ఒకమ్మాయి పోయిన నెల రాసింది. రెండో బిడ్డ కోసం చూస్తూనే ఈ సూది వాడుతోందట. ఆమెకూ ఇక్కడే చెబుతున్నా. అమ్మాయీ, గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు పనికిరాదు. సెమాగ్లూటైడ్ అయితే కనీసం రెండు నెలల ముందే ఆపాలి. వెంటనే మీ డాక్టరుకు ఫోన్ చెయ్యి. తమకు గానీ రక్తసంబంధీకులకు గానీ మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే ఈ సూదులు వాడనే కూడదు. గతంలో పాంక్రియాస్ వాచి ఆస్పత్రిలో పడినవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. షాపు అబ్బాయి ఇవేవీ అడగడు.

మళ్లీ మీ దగ్గరికి, కావలమ్మా. నాకు కంగారు పుట్టించిన అంకె 26.8 కాదు, 6.1. మూడు నెలల షుగర్ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గుమ్మంలో నిలబడినట్టు. అమ్మకు ఉంది కాబట్టి మీకు ఇంకాస్త దగ్గర. చెన్నైలో ఇలా గుమ్మంలో ఉన్న 531 మందిని పెట్టుకుని ఒక అధ్యయనం చేసి 2006లో అచ్చేశారు. తిండి మార్చి, నడక పెంచినవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28 శాతం తగ్గింది. వాళ్ల బరువు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు! కాటా కదలకపోయినా లోపల బాగుపడిందన్నమాట. నేను కాటా కంటే నడకను ఎక్కువ నమ్మడం అప్పటినుంచే.

చేపల పులుసు మానమని నెల్లూరు డాక్టరు ఎవరూ చెప్పరు, చెప్పినా మీరు వినరు. పులుసులో తప్పు లేదు, ఆ పులుసు అయిపోవాలని మళ్లీ మళ్లీ వడ్డించుకునే అన్నంలో ఉంది. ముక్కలు ఇంకో రెండు వేసుకోండి, అన్నం సగం చేయండి. రాత్రి తొమ్మిదికే తినేయండి, పదకొండింటి టీ బిస్కెట్లు మానండి. గంటకోసారి మిషన్ మీంచి లేచి, కుర్చీ పట్టుకోకుండా పదిసార్లు కూర్చుని లేవండి. రోజూ అరగంట నడవండి. థైరాయిడ్ పరీక్ష ఒకటి చేయించండి, మీ వయసు ఆడవాళ్లలో బరువుకు అదీ ఒక కారణమే. మూడు నాలుగు కేజీలు తగ్గినా బీపీ, షుగర్ రెండూ వింటాయి.

నాలుగు నెలల తర్వాత పాత రిపోర్టులన్నీ పట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అప్పటికీ ఏమీ కదలకపోతే సూది మాట మళ్లీ ఎత్తండి, ఆయన కాదనకపోవచ్చు. ఒకవేళ 6.1 కాస్తా 6.5కి చేరి షుగర్ అని తేలితే లెక్కే మారిపోతుంది. షుగర్ మందుగా ఈ సూదులు రాయడానికి 27 షరతు లేదు. ఆ దారిన రావాలని మాత్రం కోరుకోకండి.

ఇంకొకటి. పొద్దస్తమానం టేపు మీ మెడలోనే ఉంటుంది కదా, మీ నడుము ఎంతో రాయలేదేం? కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, గాలి వదిలాక చూడాలి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు, మీ లెక్కలో ముప్పై ఒకటిన్నర అంగుళాలు. కొలతల పుస్తకంలో మీ పేరుతో ఒక పేజీ తీసి ప్రతినెలా ఒకటో తేదీన రాసుకోండి. బిగించి పెట్టొద్దు, వదులు పెట్టొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి. వచ్చేటప్పుడు ఆ పుస్తకమూ తీసుకెళ్లండి.