ఫుల్ దగ్గర కదలని ముల్లు సగం దాటాక ఎందుకు పరిగెడుతుంది?

కారులో ట్యాంకు నింపించాక చాలా దూరం పెట్రోల్ మీటర్ ముల్లు ఫుల్ దగ్గరే ఉండిపోతోందని, సగం దాటాక మాత్రం గబగబా పడిపోతోందని, మీటర్ పాడైందేమోనని అడిగారు. మీరు చెప్పినంతవరకూ చూస్తే పాడవలేదు. చాలా కార్లలో ముల్లు నడక ఇలాగే ఉంటుంది, మా కారులోనూ అంతే. వేరే రిపేరు కోసం దాని ట్యాంక్ యూనిట్ (ట్యాంకులో పెట్రోల్ మట్టం కొలిచే భాగం) బయటికి తీసినప్పుడు పక్కనే నిలబడి చూశాను కాబట్టి లోపలి సంగతి కొంచెం వివరంగానే రాస్తాను.

చాలా కార్లలో వెనక సీటు ఎత్తితే ఒక గుండ్రటి మూత కనిపిస్తుంది. దాని కిందే పెట్రోల్ పంపు. పంపును అంటిపెట్టుకుని ఒక సన్నటి కడ్డీ, కడ్డీ చివర ఒక ఫ్లోట్. పెట్రోల్ మీద ఫ్లోట్ తేలుతుంది, మట్టం తగ్గేకొద్దీ కిందికి దిగుతుంది. కడ్డీ రెండో కొసన సన్నటి లోహపు కాంటాక్టులు ఉంటాయి. ఫ్లోట్ లేచినా దిగినా అవి ఒక సిరామిక్ పలక మీది రెసిస్టెన్స్ పట్టీని, అంటే కరెంటును కొంత అడ్డుకునే పట్టీని, రాసుకుంటూ జరుగుతాయి. పాత రేడియోలో సౌండ్ పెంచే గుండీ వెనక ఉండేదీ ఇదే ఏర్పాటు. కాంటాక్టు ఎక్కడ ఆగితే అక్కడి రెసిస్టెన్స్‌ను బట్టి ముల్లు తిరుగుతుంది. ఈ లెక్క అన్ని కార్లకీ ఒకటి కాదు. జనరల్ మోటార్స్ వాళ్ల చాలా పాత మోడళ్లలో ఖాళీ ట్యాంకుకి 0, ఫుల్‌కి 90 ఓంలు (రెసిస్టెన్స్‌ను కొలిచేది ఓంలలోనే). బయట విడిగా దొరికే మీటర్లలో ఖాళీకి 240, ఫుల్‌కి 33 ఉండే రకం బాగా వాడుకలో ఉంది. అంటే పూర్తిగా తలకిందులు. దొరికింది కదా అని వేరే కారు యూనిట్ బిగిస్తే ఫుల్ ట్యాంకుతో ముల్లు ఖాళీ చూపించవచ్చు.

అంటే ముల్లు చూపించేది ఫ్లోట్ ఎంత ఎత్తులో ఉందన్నది మాత్రమే. లీటర్ల సంగతి దానికి తెలియదు. మీ సందేహానికి జవాబంతా ఇక్కడే ఉంది. ఫ్లోట్ పైకి వెళ్లడానికి ఒక హద్దు ఉంటుంది, ట్యాంకు కప్పును దాటి పోలేదు కదా. మీరు గొంతుదాకా నింపిస్తే ఆ హద్దు పైన కూడా పెట్రోల్ ఉంటుంది. అదంతా ఖర్చయి మట్టం ఫ్లోట్ దాకా దిగేవరకూ ముల్లుకి కదిలే పనే లేదు. దీనికి తోడు ట్యాంకు చక్కటి పెట్టె ఆకారంలో ఉండదు. సైలెన్సర్ గొట్టానికీ, సీటుకీ, వెనక యాక్సిల్‌కీ చోటు వదులుతూ వంకర్లు తిరిగి, చాలా వాటిలో అడుగున ఇరుకుగా ఉంటుంది. ఇరుకు చోట కొద్ది లీటర్లు పోయినా మట్టం చాలా దిగుతుంది. అదే మీకు ముల్లు పరిగెత్తినట్టు కనిపిస్తుంది. కొత్త కార్లలో ట్యాంకు ఆకారాన్ని బట్టి ఈ తేడాను సాఫ్ట్‌వేర్ కొంత సర్దుతుంది, అయినా గొంతులో నింపిన పెట్రోల్ సంగతి మాత్రం ఫ్లోట్ చెప్పలేదు.

బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకులో పెట్రోల్ అలలా లేస్తుంది. మరి ముల్లు ఎందుకు ఊగదు? పాత మీటర్లలో రెండు లోహాల పట్టీకి సన్నటి తీగ చుట్టి ఉండేది. కరెంటు వల్ల తీగ వేడెక్కితే పట్టీ వంగి ముల్లును జరిపేది. వేడెక్కడానికీ చల్లబడడానికీ సమయం పడుతుంది కాబట్టి అలల హడావిడి దానికి అంటేది కాదు. ఖర్చు లేని ఉపాయం, నాకు భలే నచ్చింది. తర్వాత వచ్చిన కాయిల్ మీటర్లలో ముల్లు ఇరుసుకి చిక్కటి సిలికాన్ నూనె పెట్టారు. ఇప్పుడు క్లస్టర్‌లోని (స్టీరింగ్ ముందుండే మీటర్ల పలకలోని) కంప్యూటర్ కొంతసేపటి రీడింగులకు సగటు తీసి, చిన్న మోటారుతో ముల్లును తిప్పుతుంది. అందుకే వాలు మీద కాసేపు పార్క్ చేసి స్టార్ట్ చేస్తే ముల్లు ఒకలా, సమతలానికి వచ్చాక కొంతసేపటికి ఇంకోలా ఉంటుంది. కంగారు పడక్కర్లేదు.

ఎవరైనా పెట్రోల్ తీస్తున్నారేమో అని అనుమానం ఉంటే ముల్లుతో తేల్చుకోకండి. బంకులో గన్ మొదటిసారి దానంతట అది ఆగేదాకా కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ కొట్టించినప్పుడు కూడా మొదటి కట్ దగ్గరే ఆపించి, తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఒకటి రెండుసార్లు ఇలా చూస్తే మీ మైలేజీ ఎంతో తెలిసిపోతుంది. నేను ఇప్పుడు ముల్లును అసలు పట్టించుకోను, ట్రిప్ మీటర్‌నే నమ్ముతాను. ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్లొచ్చో చూపించే అంకె కూడా ఇటీవలి మైలేజీని బట్టి కట్టిన అంచనానే. హైవే దిగి ట్రాఫిక్‌లో పడగానే అది కరిగిపోతుంది.

లైటు వెలిగాక కూడా కొంత రిజర్వు ఉంటుంది గానీ రోజూ దాని మీదే బండి నడపకండి. ట్యాంకులోని పంపును చల్లగా ఉంచేది ఆ పెట్రోలే.

ఇక నిజంగా పాడైతే ఎలా ఉంటుంది? మా కారులో ట్యాంకు సగం దగ్గరికి వచ్చినప్పుడల్లా ముల్లు ఉన్నట్టుండి ఖాళీకి పడిపోయి లైటు వెలిగేది, ఏ గతుకులోనో పడగానే మళ్లీ లేచేది. మెకానిక్ యూనిట్ తీసి, రెండు వైర్లకీ మల్టీమీటర్ పెట్టి, ఫ్లోట్‌ను వేలితో మెల్లగా పైకి లేపాడు. ఓంలు వరసగా మారుతూ వచ్చి సరిగ్గా మధ్యలో మల్టీమీటర్ ఓపెన్ సర్క్యూట్, అంటే కరెంటు దారి తెగినట్టు, చూపించింది, ఇంకాస్త లేపగానే అంకెలు మళ్లీ వచ్చాయి. పట్టీని వెలుతురులో పెట్టి చూస్తే ఆ చోట గీతలు అరిగి తెల్లగా మెరుస్తున్నాయి. అరుగుదల ఒక్కటే కాదు, పెట్రోల్‌లో గంధకం ఎక్కువైతే వెండి కాంటాక్టులు నల్లబడి ఇలాంటి తిప్పలే పెడతాయి. ఎర్త్ వైరు తుప్పు పట్టినా రీడింగు తప్పుతుంది. ఫ్లోట్‌కి చిల్లు పడి లోపలికి పెట్రోల్ చేరితే అది మునిగి, ట్యాంకు నిండా ఉన్నా ఖాళీ అనే చూపిస్తుంది.

కాబట్టి గుర్తు ఇది: నింపిన ప్రతిసారీ ముల్లు నడక ఒకేలా ఉంటే వదిలేయండి. దూకినా, ఒకేచోట తడబడినా, నింపాక కూడా లేవకపోయినా చూపించండి. ట్యాంకు దగ్గర వైరు తీసి బాడీకి తాకించి చూసే పాత పద్ధతి కొత్త కార్లలో వద్దు. మూత మీరే విప్పే ప్రయత్నం కూడా చేయకండి, పెట్రోల్ ఆవిరితో ఆటలు కాదు. మెకానిక్ దగ్గర మాత్రం, పంపుతో సహా మొత్తం అసెంబ్లీ మార్చాలి అనగానే తల ఊపకుండా, ముందు కనెక్టరూ ఎర్తూ చూడమనండి, తర్వాత మీ ఎదురుగా ఫ్లోట్ లేపి ఓంలు చూపించమనండి. కొన్ని కార్లకు ఫ్లోట్ యూనిట్ విడిగా దొరుకుతుంది. మాకు అదొక్కటే మార్చారు, పంపు పాతదే నడుస్తోంది.