దేవా-లయం: పంక్తి చివర మాటను ఎక్కడ విరవాలి?

సందేహం: అచ్చు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ జీలాటెక్‌లో తెలుగు వ్యాసానికి పేజీలు కడుతున్నాను. పెద్ద మాటలు మార్జిన్‌లోకి పొడుచుకొస్తున్నాయి. నేనే హైఫన్ కొట్టి విరిస్తే, వాక్యం మార్చినప్పుడల్లా ఆ గీత పంక్తి నడుమకు వచ్చేస్తోంది. అసలు తెలుగు మాటను ఎక్కడ విరవవచ్చు?

సమాధానం: అక్షరానికీ అక్షరానికీ నడుమ ఎక్కడైనా. కాకపోతే అక్షరమంటే ఒత్తు, గుణింతం, సున్న అన్నీ కలిసిన ముద్ద. ‘విశ్వవిద్యాలయాలన్నింటిలోనూ’ అన్న మాటలో యూనికోడ్ సంకేతాలు 26, అక్షరాలు 11 మాత్రమే. ‘విశ్-వ’ అని ఒత్తును విడదీస్తే లేని పొల్లు పుడుతుంది. సున్నతో కొత్త పంక్తి మొదలుకాకూడదు. పాత అచ్చులో గీత లేకుండానే విరిచేవారు, తాళపత్రాల్లో మాటల మధ్య ఎడమే ఉండేది కాదు. నేటి పాఠకుడికి గీత ఉండడమే మేలు.

ఇక మార్జిన్ సంగతి. జీలాటెక్‌కు ఆధారమైన టెక్ ఒక్కో పంక్తినీ నింపుకుంటూ పోదు, పేరా మొత్తాన్ని ఒకేసారి తూచి చూస్తుంది. మొదటి విడతలో మాటలు విరవకుండా, వాటి మధ్య ఖాళీలను సాగదీసి, కుదించి సర్దుతుంది. కుదరకపోతే రెండో విడతలో విరుపు నమూనాలు (ఏ అక్షరాల మధ్య విరవవచ్చో చెప్పే పట్టిక) తీస్తుంది. మీరు భాష చెప్పకపోతే అది తీసేది ఇంగ్లీషు నమూనాలు. వాటిలో మన అక్షరం ఒక్కటీ ఉండదు. పైగా సంధులూ సమాసాలూ పెరిగిన కొద్దీ పంక్తిలో ఖాళీలు తగ్గుతాయి, సాగడానికేమీ మిగలదు. భాషల అమరిక చూసే పాలీగ్లాసియా ప్యాకేజీలో ప్రధాన భాష తెలుగని ప్రకటించండి, చాలావరకు సర్దుకుంటుంది.

అయితే నమూనాలకు అర్థంతో పని లేదు. ‘దేవాలయం’ను ‘దేవా-లయం’ అని విరుస్తాయి. కింది పంక్తి నాశనంతో మొదలవుతుంది! ‘గ్రంథాలయం’దీ అదే గతి. సవర్ణదీర్ఘం కలిసిన చోట ‘ఆలయం’ చెడకుండా విరిచే దారి లేదు కనుక ‘దే-వాలయం’తో సరిపెట్టుకోవాలి. ‘విశ్వవిద్యాలయం’ నయం, ‘విశ్వ’ తర్వాత హాయిగా విరుగుతుంది.

ఇలాంటి మాటలు ఎక్కడ విరవాలో హైఫనేషన్ ఆదేశంలో రాసుకోవచ్చు గానీ, అది మాటను ఉన్నదున్నట్టే పోలుస్తుంది. ‘దేవాలయం’ రాసినంత మాత్రాన ‘దేవాలయంలో’, ‘దేవాలయానికి’ దానికి తెలియవు. విభక్తి విభక్తికీ ఒక్కో రూపం చేర్చాలి. ఒకటి రెండు చోట్లే అయితే మాటలోనే బ్యాక్‌స్లాష్, వెంటనే హైఫన్ పెట్టండి. పంక్తి అక్కడ విరిగితేనే గీత కనిపిస్తుంది, ఆ మాట మరోచోట విరగదు. వట్టి హైఫన్ మాత్రం కొట్టకండి. అప్పటికీ పొడుచుకొచ్చే పంక్తులుంటే, ఖాళీలను అదనంగా సాగనిచ్చే ఎమర్జెన్సీస్ట్రెచ్‌కు 2, 3 ఎమ్‌లు (ఎమ్ అంటే సుమారు ఫాంటు సైజంత వెడల్పు) ఇచ్చి చూడండి. మాటల మధ్య సందులు కాస్త వదులవుతాయి.