పెరటి ప్రశ్నలు: ఆకు తిననివ్వండి

ప్రశ్న: మేడమ్ గారూ, సీతాకోకచిలుకలు వాలాలని డాబా మీద బంతి, మందారం, నూరువరహాలు పెంచుతున్నాను. ఎప్పుడో ఒకటి వచ్చి పోతోంది. ఈలోగా కుండీలోని కరివేపాకును పచ్చ పురుగులు మోడు చేశాయి. ఏ మందు కొట్టమంటారు?
– ఒక గృహిణి, నయీంనగర్, హనుమకొండ

జవాబు: మందు కొట్టకండమ్మా. మీరు ఎదురుచూస్తున్న సీతాకోకచిలుకలు ఆ పురుగులే. రేపు పొద్దున లేత ఆకులు తిరగేసి చూడండి. చిన్న పురుగు అచ్చం పిట్ట రెట్టలా నలుపు తెలుపుగా ఉంటుంది, పిట్టల కంట పడకుండా ఆ వేషం. పెద్దయ్యాక బొద్దుగా, ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగువో ఎర్రనివో రెండు కొమ్ములు బయటికొచ్చి ఘాటైన వాసన వేస్తుంది. కొమ్ములు కనిపించాయంటే ఇక అనుమానం అక్కర్లేదు. నిమ్మ, బత్తాయి, మారేడు, కరివేప వంటి చెట్ల మీద గుడ్లు పెట్టే పెద్ద నల్ల సీతాకోకచిలుకల పిల్లలవి. రెండు మూడు వారాలు తిని, గూడులోకి వెళ్లి, ఇంచుమించు పది రోజులకు రెక్కలతో వస్తాయి.

పూలు ఇచ్చేది తేనె ఒక్కటే. సీతాకోకచిలుక గుడ్డు పెట్టాలంటే దాని పిల్ల తినే ఆకు ఉండాలి. ఒక్కో జాతికి ఒక్కో ఆకు. నర్సరీలో పూల మొక్క చేతికిచ్చేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు, అదే నా బాధ. వంటకు ఒక కరివేప, పురుగులకు ఒక కరివేప పెట్టుకోండి. వంట మొక్క మీద పురుగు కనిపిస్తే రెమ్మతో సహా తీసి రెండోదాని మీద పెట్టండి. మోడైన మొక్క మళ్లీ చిగురిస్తుంది.

కింద గోడ వారగా చోటుంటే తంగేడు నాటండి. బతుకమ్మకు తంగేడు పువ్వును బజారులో కొనుక్కునే రోజులొచ్చాయి. మన రాష్ట్ర పుష్పం మన ఇంట్లోనే పూయాలి. దాని ఆకు తిని లేత పసుపు సీతాకోకచిలుకలు కూడా పెరుగుతాయి. పక్క ఖాళీ జాగాలో జిల్లేడు మొలిస్తే పీకించకండి. నల్లంచు నారింజ రెక్కల సీతాకోకచిలుక పుట్టేది దాని మీదే. పాలు మాత్రం పిల్లల కళ్లలో పడకుండా చూసుకోండి.

ప్రశ్న: పిచ్చుకల కోసం చెక్క గూడు కొని మేడ మీద కట్టాను. ఒక్కటీ రాలేదు.
– ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: మేడ మీద ఎండలో కట్టావు కదా బాబూ, మే నెలలో అందులో గుడ్డు బతకదు. చూరు కింద, నీడలో, పిల్లికి అందని ఎత్తున కట్టు. రంధ్రం 3 సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటే చాలు, పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. కోతలప్పుడు ఊరి నుంచి వరి కంకులు తెచ్చి, కుచ్చుగా అల్లి గుమ్మానికి వేలాడదీయి. మన పెద్దలు చేసిన పనే. వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి రోజూ మార్చు, దోమ గుడ్డు పెట్టినా పిల్ల తేలదు. ఇంకొక సంగతి, గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు పెట్టేది పురుగులే. వీధిలో మందులు కొట్టే ఇళ్లుంటే గూడు ఒక్కటే సరిపోదు.

ప్రశ్న: వడ్డేపల్లి చెరువు దగ్గర మా కాలనీ పార్కులో పాము కనిపించింది. పొదలు, ఎండిన వేపచెట్టు తీసేసి, లాను వేసి, చుట్టూ కోనోకార్పస్ నాటాలని కమిటీ అంటోంది. సలహా ఇవ్వగలరు.
– కాలనీ కమిటీ కార్యదర్శి

జవాబు: ఆ పని చేయవద్దని బతిమాలుతున్నాను. పాము వచ్చేది ఎలుక కోసం, ఎలుక వచ్చేది చెత్త కోసం. ముందు చెత్తకుప్ప తీయించండి. పొడవుగా, గోధుమ రంగులో, చకచకా పోయేదైతే బహుశా జెర్రిపోతు, దానికి విషం లేదు. అయినా పోల్చుకోవాలని ఎవరూ దగ్గరికి వెళ్లవద్దు, కొట్టవద్దు. అటవీ శాఖకు ఫోన్ చేయండి. నడిచే దారి పక్క పొదలు కత్తిరించి, దూరంగా ఉన్న మూల వదిలేయండి.

ఎండిన వేప మనుషుల మీద పడే చోట లేకపోతే ఉంచండి. టుక్ టుక్‌మని ఎడతెగక కూసే కంసాలి పిట్ట అలాంటి ఎండుకొమ్మనే తొలిచి గూడు చేసుకుంటుంది. పాలపిట్టకూ చెట్టు తొర్ర కావాలి. దసరానాడు పాలపిట్టను చూడాలని ఊరంతా వెతుకుతాం, కొందరైతే పంజరంలో పెట్టి తెచ్చిన పిట్టకు డబ్బిచ్చి మరీ చూస్తారు. దాన్ని పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కరెంటు తీగ మీద కూర్చుని అది నేల మీద వెతికేది మిడతలను, పేడపురుగులను. నున్నగా కత్తిరించి మందు చల్లిన లానులో దానికేం దొరుకుతుంది? పార్కులో సగం జాగాలో గడ్డిని పెరగనివ్వండి, దసరాకు పాలపిట్ట అక్కడికే రావచ్చు.

కోనోకార్పస్ పచ్చగానే ఉంటుంది, కాని మన పిట్టలు తినే పండు కాయదు. దాని బదులు నేరేడు, కానుగ, మోదుగ, మేడి నాటించండి. మోదుగ ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి పూస్తే గోరింకలు, తేనెపిట్టలు వదలవు. మృగశిర కార్తెలో తొలి వానలు పడ్డాక గుంతలు తీయించండి. మేడిని మాత్రం గోడలకు, నీళ్ల పైపులకు దూరంగా పార్కు నడుమ పెట్టించండి. వేళ్లు గోడను పట్టుకుంటే తర్వాతి కమిటీ గొడ్డలి తెస్తుంది.