టెన్షన్‌తో మెదడు కణాలు చచ్చిపోతాయా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. ఏడాదిగా ఆఫీసులో విపరీతమైన టెన్షన్. ఈమధ్య తెలిసినవాళ్ల పేర్లు కూడా చప్పున గుర్తుకు రావడం లేదు. స్ట్రెస్ హార్మోన్ మెదడు కణాలను చంపేస్తుందని ల్యాబ్‌లో నిరూపించారంటూ ఒక వీడియో చూశాను. అప్పటి నుంచి ఉన్న నిద్ర కూడా పోయింది. ఆ హార్మోన్‌కు, అంటే కార్టిసాల్‌కు, పరీక్ష చేయించుకోవాలా? దాన్ని తగ్గించే మాత్రలు వాడొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: వీడియోలో సగమే చెప్పారమ్మా. జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం హిప్పోకాంపస్ నుంచి ఎలుక కణాలను తీసి, వాటిని ల్యాబ్‌లో పెంచి, 1980ల్లో అమెరికాలో రాబర్ట్ సపోల్‌స్కీ బృందం ప్రయోగాలు చేసింది. ఎలుకల స్ట్రెస్ హార్మోన్ కలిపినంత మాత్రాన ఆ కణాలు కుప్పకూలలేదు. దానికి తోడు కైనిక్ ఆమ్లం లాంటి విషపదార్థం తగిలినప్పుడు మాత్రం మామూలు కంటే ఎక్కువ చనిపోయాయి. ఆ హార్మోన్ ఉన్నచోట కణాలు గ్లూకోజును తక్కువగా తీసుకుంటాయి. శక్తి చాలక, దెబ్బ తగిలితే తట్టుకోలేవు. అంటే హార్మోన్ కణాన్ని బలహీనపరుస్తోంది. చంపుతోందనడం వేరే మాట.

మోతాదు సంగతీ చూడాలి. 2013లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు మనిషి హిప్పోకాంపస్ మూలకణాలపై కార్టిసాల్‌ను పరీక్షించారు. తక్కువ మోతాదులో కణాలు ఎక్కువగా విభజన చెందాయి. దానికి వెయ్యి రెట్లు ఇచ్చినప్పుడు విభజన తగ్గింది. పైగా ల్యాబ్ పాత్రలో హార్మోన్ రోజుల తరబడి ఒకే మోతాదులో ఉంటుంది. మన ఒంట్లో అది తెల్లవారుజామున పెరిగి, రాత్రికి తగ్గుతుంది. ఆఫీసు టెన్షన్‌కూ ఆ ప్రయోగానికీ నేరుగా ముడిపెట్టలేం.

నిజంగా కార్టిసాల్ విపరీతంగా పెరిగే కుషింగ్స్ జబ్బులో హిప్పోకాంపస్ కుంచించుకుపోవచ్చు. చికిత్స తర్వాత అది కొంత తిరిగి పెరిగినట్టు కూడా స్కానింగుల్లో కనిపించింది. కణాలన్నీ చచ్చిపోయి ఉంటే అలా జరగదు కదా!

ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్టమీద వెడల్పాటి ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం లాంటివి లేకపోతే కార్టిసాల్ పరీక్ష మీకు అనవసరం. ఆ డబ్బుతో బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోండి. ఈ వయసులో మతిమరుపుకు నిద్రలేమి, బి12 లోపం, డిప్రెషన్ లాంటివే ఎక్కువగా కారణమవుతాయి. ముందు నిద్ర సంగతి చూడండి. మంచం మీదికి ల్యాప్‌టాప్ వద్దు, సాయంత్రం తర్వాత కాఫీ వద్దు.

కార్టిసాల్ తగ్గిస్తామంటూ ఆన్‌లైన్‌లో అమ్మే మాత్రల జోలికి వెళ్లకండి. వాటిలో తరచూ ఉండే అశ్వగంధతో అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. ఆస్తమాకో కీళ్లవాతానికో కార్టిసాల్‌లాగే పనిచేసే స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు ఇలాంటి వీడియోలు చూసి వాటిని ఉన్నట్టుండి ఆపేయకూడదు, అది ప్రాణాల మీదికి రావచ్చు.

రెండు వారాలకు మించి దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే సైకియాట్రిస్టును కలవండి. తెలిసిన దారే తప్పిపోవడం, మీ మరుపును మీకంటే ముందు ఇంట్లోవాళ్లు గమనించడం జరిగితే న్యూరాలజిస్టుకు చూపించుకోండి.