ఇన్నోవేషన్ కోర్సు కోసం తోట తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మా పాప తిరుపతిలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్‌తో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. దేశాల్లో కొత్త ఆవిష్కరణలు ఎలా వస్తాయి, అందులో ప్రభుత్వం పనేమిటి అన్నది చదవాలని, ఎంఏ ఎకనామిక్స్ చేస్తానని పట్టుబట్టింది. నేను బెంగళూరులో ఇన్నోవేషన్, స్టార్టప్ ఎంబీఏ చూశాను. రెండేళ్లకు 14 లక్షలు. తోట మీద లోను తీద్దామనుకుంటున్నాను. పోయిన సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు మా ట్రాక్టర్ రెండు రోజులు ఆగిపోతే, "ఇన్నేళ్లయినా ఇక్కడ గుజ్జు తప్ప వేరేది ఎందుకు చేయరు నాయనా?" అని అడిగింది. ఇలాంటి ప్రశ్నలతో కడుపు నిండుతుందా? రెండిట్లో ఏది మంచిది?

జవాబు: మీరడిగింది ఏ కోర్సు మంచిదని. మీ భయం మాత్రం వేరు. చదువయ్యాక పాప ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చుంటే నలుగురూ ఏమంటారోనని మీ టెన్షన్. ఇదే భయంతో వారానికి ఒకరైనా నా దగ్గరికి వస్తారు. లెక్కలు గట్టిగా వచ్చిన పిల్ల ఎకనామిక్స్ చదివితే ఆ భయం చాలావరకు అక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకులో ఎకనామిక్స్ వాళ్లకంటూ గ్రేడ్-బి పోస్టులున్నాయి. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది. బ్యాంకులు, పరిశోధన సంస్థలు, కన్సల్టింగ్ కంపెనీలు కూడా ఇలాంటి వాళ్లను తీసుకుంటాయి. ఇరవై మూడేళ్లకే పెద్ద ప్యాకేజీ మాత్రం ఆశించకండి. పరిశోధన వైపు వెళ్తే పీహెచ్‌డీకి ఇంకో ఐదేళ్లు పడుతుంది. ఆ ఓపిక మీకూ ఉండాలి.

ఇక ఆ ఎంబీఏ సంగతి. కొన్నేళ్ల కిందట ఇలాంటి కోర్సుకే నేను ఒక అబ్బాయికి సరే అన్నాను. ఆ పొరపాటు నన్నింకా బాధపెడుతుంది. రెండేళ్లూ పిచ్ పోటీలు, హ్యాకథాన్లు, చార్టుల మీద రంగు కాగితాలు అంటించడం. చివరికి వచ్చింది సేల్స్ ఉద్యోగం. ఆ ఉద్యోగం తప్పు కాదు, కానీ దానికి అంత ఫీజు అక్కర్లేదు. అప్పు మాత్రం వాళ్ల నాన్న ఇంకా కడుతున్నాడు. అన్ని కోర్సులూ ఇంతే అనను. కానీ ఆవిష్కరణ అనేది రెండేళ్ల క్లాసులో నేర్పేసే విద్య అన్న నమ్మకం మీదే నాకు అనుమానం.

మన పక్క జిల్లాలోనే చూడండి. శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ లేచింది 1971లో. అక్కడి నుంచి దశాబ్దాల పాటు ప్రభుత్వమే డబ్బు పెట్టింది, ఇంజనీర్లను తయారు చేసింది. 2020లో కేంద్రం ఈ రంగం తలుపులు ప్రైవేటు వాళ్లకు తెరిచింది. ఇస్రోలో పనిచేసి బయటికొచ్చిన ఇంజనీర్లు హైదరాబాద్‌లో పెట్టిన స్కైరూట్ కంపెనీ, 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను అదే శ్రీహరికోట నుంచి పంపింది. వాళ్ల తెగువ గొప్పదే. దాని కింద యాభై ఏళ్ల సర్కారు ఖర్చుంది, ఒక విధాన నిర్ణయం ఉంది.

మందులదీ అదే దారి. 1970 పేటెంట్ చట్టం మందు మీద కాక, తయారుచేసే పద్ధతి మీదే హక్కు ఇచ్చింది. దాంతో మనవాళ్లు అదే మందును వేరే పద్ధతిలో చేయడం నేర్చుకున్నారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 2005లో మందు మీదే పేటెంట్ మళ్లీ వచ్చింది, అప్పటికి మన కంపెనీలు నిలదొక్కుకున్నాయి. ఏ చట్టం ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి అన్నదే మీ పాప చదవాలనుకుంటున్నది.

2025 ఎకనామిక్స్ నోబెల్ ఈ విషయానికే వచ్చింది. అది అందుకున్న వాళ్లలో అగియాన్, హావిట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కొత్త వస్తువు పాతదాన్ని పక్కకు నెట్టి ఎదిగే తీరును 1992లో లెక్కల్లో పెట్టి చూపించారు. లెక్కల్లో అండి! మీ పాప మూడేళ్లుగా చదువుతున్నది అదే. మన దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఉండిపోయింది. 2025లో కేంద్రం లక్ష కోట్ల పరిశోధన నిధికి ఒప్పుకుంది. ఆ డబ్బు ఎవరికివ్వాలి, ఫలితం వచ్చిందా లేదా అని తేల్చడానికి ఇది చదివిన మనుషులు కావాలి.

ఇప్పుడు కాస్త గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. గేటు ముందు పాప అడిగిన మాటను మీరు కడుపు నింపని ప్రశ్న అన్నారు. అది మీ కడుపు గురించిన ప్రశ్నే. 2025లో రేటు పడిపోతే ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు ఇచ్చి ఆదుకుంది, ఫ్యాక్టరీలను 8 రూపాయలు ఇమ్మంది. ఆ సీజన్‌కు అది అవసరమే. కానీ కాయ గుజ్జై, స్టెరైల్ సంచుల్లో డ్రమ్ములకెక్కి, కొనేవాడి కోసం గోడౌన్‌లో ఎదురుచూస్తున్నంత కాలం మళ్లీ ట్రాక్టర్లు గేటు ముందు ఆగుతాయి. సబ్సిడీ ఎక్కడ పెడితే కొత్త సరుకు పుడుతుంది, ఎక్కడ పెడితే పాత సరుకే పేరుకుపోతుంది? ఇరవై ఏళ్ల పిల్లకు ఆ ఆలోచన వచ్చింది. మీరు దాన్ని మెచ్చుకోకుండా తోట కాగితాలు పట్టుకుని బ్యాంకుకు బయల్దేరారు. ఆ ఎంబీఏ కావాలా అని తనను ఒక్కసారైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు.

చేయాల్సింది చెబుతాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తిరువనంతపురంలో సీడీఎస్ (సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్), ముంబైలో ఐజీఐడీఆర్ (ఇందిరా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ రీసెర్చ్), ఈ మూడింటికీ పాప చేత అప్లికేషన్ పెట్టించండి. సెంట్రల్ యూనివర్సిటీ ఫీజు మీరు చెప్పిన 14 లక్షల్లో చిన్న వంతు కూడా కాదు. తర్వాత ఈ సైన్స్ విధానాల మీదే పరిశోధన చేయాలనుకుంటే ఢిల్లీ జేఎన్‌యూలో అందుకు ప్రత్యేకంగా ఒక సెంటర్ ఉంది. లోను ఆలోచన మానేయండి.

ఈలోగా తను అడిగిన ప్రశ్నకు తననే ఒక పది పేజీల జవాబు రాయమనండి. ఫ్యాక్టరీ వాళ్లతో, మండీ వాళ్లతో మాట్లాడాలి కాబట్టి వెంట మీరు వెళ్లండి. పదేళ్లుగా మీరు రాసుకున్న తోట లెక్కల పుస్తకం ఉంటే, అది కూడా పాప చేతికివ్వండి.